చూచువాఁడెవఁడు? కృష్ణాతీర బౌద్ధుల యాత్మపరీక్ష

“నేను” అను మాట ప్రతి మనుజుని నోటను దినమునకు వందలసారులు వచ్చును. ఆ మాటకు అర్థమేమని యడిగినచో దేహమును జూపువారు కొందఱు, మనస్సనువారు కొందఱు, ఈ రెంటికి నావల నొక యాత్మ కలదనువారు కొందఱు. ఈ విచారము గ్రంథములలోఁ బుట్టినది కాదు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను నింద్రియములు అనుక్షణము తెచ్చి యిచ్చు ననుభవమునందే పుట్టినది. ఆ యనుభవమును దిన్నగాఁ బరీక్షించినచో నందు “నేను” కనఁబడునా, లేక కనఁబడినట్లు తోఁచునా? ఈ ప్రశ్నమును జీవితకాలపు సాధనగాఁ జేసికొనిన సంఘములు దక్షిణ తెలంగాణపు టంచునఁ గృష్ణానది కిరువైపుల నొకప్పుడు నివసించినవి. వారి పరీక్షాక్రమమేమో, దానికిఁ బ్రతివాదు లిచ్చిన సమాధానమేమో, దానివలన నీతికి హాని కలుగునో కలుగదో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

తెలుఁగు భాషయే యీ విచారమునకుఁ జక్కని ప్రవేశద్వారము. “నేను కొండను జూచుచున్నాను” అనునప్పుడు “నేను” కర్త. చూపు వాని పని. “నాకుఁ గొండ కనఁబడుచున్నది” అనునప్పుడు కొండయే కర్త. “నేను” అనునది కర్తృస్థానమునుండి జాఱి, ఆ కనఁబడుటకొక చోటుగా మాత్రమే మిగిలినది. “కొండ కనఁబడుచున్నది” అని యూరకుండినచో నా చోటు సైతము మాటలోఁ జెప్పఁబడదు. అయినను వాక్యమునకు లోపము లేదు. ఆఁకలి వేయుచున్నది, చలి పుట్టుచున్నది, మ్రోఁత వినఁబడుచున్నది, నొప్పి తెలియుచున్నది అను వాక్యములన్నియు నీ తీరువే. భాషాప్రయోగము తత్త్వమునకుఁ బ్రమాణము కాదు. కాని యనుభవమును జెప్పుటకుఁ గర్త యవశ్యము కావలయునను నియమము లేదని యింతమాత్రము నిరక్షరాస్యుని పలుకుబడియు నిరూపించును. మొదటి వాక్యమే యథార్థమా, మూఁడవదే యథార్థమా యనునది బౌద్ధులకును నైయాయికులకును గల వివాదసారము.

నల్లగొండ మండలములోని దేవరకొండ ప్రాంతము ఱాతినేల. రేచర్ల పద్మనాయకుల కోటచే మధ్యయుగమునఁ బేరొందిన యీ సీమకు అంతకుఁ బూర్వచరిత్ర కూడఁ గలదు. దేవరకొండ తాలూకాలోనిదైన ఏలేశ్వరము కృష్ణ యెడమయొడ్డున నుండెను. దానికెదురుగా నావలి యొడ్డున నాగార్జునకొండ లోయ. క్రీ. శ. 3వ, 4వ శతాబ్దములలో నిక్ష్వాకురాజుల రాజధానియైన విజయపురి యా లోయలోనిదే. 1926లో నచటి శిథిలములు పండితుల దృష్టికి వచ్చెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్టును, 1938లో టి. ఎన్. రామచంద్రనును ద్రవ్వించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుఁగుట నిశ్చయము కాఁగా, 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున విస్తారమైన త్రవ్వకములు సాగినవి. ఏలేశ్వరమును గూడ మునుఁగకముందే త్రవ్వి పరిశీలించిరి. నేఁడా రెండు స్థలములును జలాశయగర్భమున నున్నవి. నాగార్జునకొండ శిఖరము మాత్రము ద్వీపమై, అందలి ప్రదర్శనశాలలో శిల్పములు భద్రపఱుపఁబడి యున్నవి.

అచట నొక్క మతశాఖ గాక పలు శాఖలవారు గలసి వసించిరి. మహాచైత్యమును బట్టి అపరమహావినశైలీయులు, వీరపురుషదత్తుని రాణియైన భటిదేవ కట్టించిన విహారమును బట్టి బహుశ్రుతీయులు, కొడబలిసిరి దానమును బట్టి మహీశాసకులు నుండినట్లు శాసనములు తెలుపుచున్నవి. బోధిసిరి యను నుపాసిక తామ్రపర్ణీ స్థవిరులకై, అనఁగా సింహళదేశపు భిక్షువులకై, చులధమ్మగిరిమీఁదఁ జైత్యగృహము గట్టించెను. ఆమె శాసనమునఁ గాశ్మీరము, గాంధారము, చీనము, వంగము, వనవాసి మొదలగు దేశములు పేర్కొనఁబడినవి. ఇదే సీమలోని ఫణిగిరియందు, రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమున రాజవైద్యుఁడు ధర్మచక్రమును స్థాపించినట్లు శాసనము కలదు. కావున నాత్మవిచారము నాఁటి యీ ప్రాంతమున నొక మూల గుసగుసలాడిన విషయము కాదు. రాణులు, వైద్యులు, వణిజులు పోషించిన విహారములలో నిత్యము జరిగిన చర్చ.

ఈ శాఖలకు నియమములయందును సిద్ధాంతములయందును భేదములున్నను, అనుభవమును విభజించి చూచు పద్ధతి యందఱికి సామాన్యము. ఆ పద్ధతి యిట్టిది. చూపు కలుగుటకుఁ గన్ను కావలయును, రూపము కావలయును. ఆ రెండు గలసినప్పుడు చాక్షుషమైన యెఱుక పుట్టును. చెవికి శబ్దము, ముక్కునకు వాసన, నాలుకకు రుచి, చర్మమునకు స్పర్శ, మనస్సునకుఁ దలంపులు నిట్లే విషయములు. ఇంద్రియములాఱు, విషయములాఱు, వీనికి ద్వాదశాయతనములని పేరు. వీని కలయికలఁ బుట్టు నెఱుకలాఱింటిని గలిపిన నష్టాదశ ధాతువులు. మనుజుఁ డెఱుఁగునదంతయు నీ పదునెనిమిదింటిలో నిమిడిపోవును. ఈ పట్టికలో “నేను” అను పందొమ్మిదవ ధాతువు లేదు. లేదని గ్రుడ్డిగా నమ్ముమని వారు చెప్పలేదు, వెదకి చూడుమనిరి.

వెదకుట యెట్లో యొక సామాన్యోదాహరణమునఁ దెలియును. వేసవిలో దేవరకొండ బండలమీఁద నుత్తపాదముల నడుగిడిన వాని ననుకొందము. వానికి “నా కాలు కాలుచున్నది” యను మాట తోఁచును. ఇది యొక్క యనుభవమువలెఁ గనఁబడునుగాని, నిలిపి చూచినచో ననేకములు. మొదట వేఁడి, అది యొకే రీతిగా నుండక, పోటుపోటుగా హెచ్చుచు, తగ్గుచు, చోటు మాఱుచు నుండును. దానివెంట నిది బాధయను వేదన. దానివెంట “వేఁడి”, “కాలు” అను గుర్తింపు. దానివెంటఁ గాలు దీసికొనవలయునను ప్రేరణ. ఈ నాలుగింటిని గూర్చిన యెఱుక యొకటి. రూపము, వేదన, సంజ్ఞ, సంస్కారము, విజ్ఞానము అను పంచస్కంధములని బౌద్ధులు చెప్పునవి యివియే. “నా” యను మాట యెప్పుడు వచ్చినది? వేఁడిలో లేదు, బాధలో లేదు. బాధ గలిగిన తరువాత వచ్చిన యొక తలంపుగాఁ గనఁబడినది. ఆ తలంపును మనస్సునకు విషయమే, వేఁడి చర్మమునకు విషయమైనట్లు. చూడఁబడిన వస్తువు చూచువాఁడు కానేరదు. ఇంకను లోపలికిఁ బోయి, ఆ తలంపును జూచువానిని వెదకినచో, మఱియొక తలంపు చేతికి వచ్చును గాని చూచువాఁడు రాఁడు.

ఇచటఁ బ్రతివాది యూరకుండఁడు. న్యాయసూత్రములలోని మూఁడవ యధ్యాయారంభమున నీ విషయమున నొక బలమైన హేతువు చెప్పఁబడినది. కంటితోఁ జూచిన వస్తువునే మనుజుఁడు చేతితోఁ దాఁకి, “నేను జూచినదానినే తాఁకుచున్నాను” అని గుర్తించును. కన్ను తాఁకదు, చేయి చూడదు. కన్ను చెప్పినది చేతికిఁ దెలియదు. ఈ రెంటిని గలుపువాఁ డొక్కఁడు లేనిచో నీ గుర్తింపు కుదురదు. అటులనే నిన్న రుచి చూచిన చింతపండును నేఁడు కంటఁ జూడఁగానే నోట నీరూరును; నిన్నటి నాలుకకును నేఁటి కంటికిని మధ్యవర్తి యొకఁడుండవలయును. వాఁడే యాత్మయని నైయాయికుల సిద్ధాంతము. ఇది యేమాత్రమును దీసివేయఁదగిన వాదము కాదు.

బౌద్ధుల సమాధానము ప్రవాహదృష్టాంతముమీఁద నిలిచినది. ఇంటింటఁ బాలు తోడుపెట్టు క్రమమును జూచినచో దాని తాత్పర్యము తేటపడును. నిన్నటి పెరుఁగు నేఁటి పాలను దోడుకొలుపును. నేఁటిది రేపటి పాలను. ఒక యింటఁ దరతరములుగా నొకే తోడు సాగవచ్చును. పులుపు, చిక్కఁదనము, వాసన దిగివచ్చుచునే యుండును. కాని మొదటినాఁటి పెరుఁగుచుక్క యొకటి వెంటవచ్చుచున్నదని యెవరును జెప్పరు. అటులనే నిన్నటి రుచి నేఁటి చూపునకు సంస్కారరూపమునఁ గారణము కాఁగలదు. మధ్య మార్పులేని మోయువాఁడు లేకున్నను నోట నీరూరుటకు బాధ లేదు. పొరుగింటి పెరుఁగు తనంతఁ దానీ యింటి పాలను దోడుపెట్టదు గావున, ఒకని జ్ఞాపక మింకొకనికి వచ్చునను దోషమును దప్పినది.

అయినను నైయాయికునకిది తృప్తి గలిగింపలేదు. తోడు పాలను బెరుఁగు చేయును గాని “నిన్నటి పెరుఁగును నేనే” యని యెఱుఁగదు, మనుజుఁడట్లెఱుఁగుచున్నాఁడు గదా! ఉదయనాచార్యుఁడు ఆత్మతత్త్వవివేకమును బౌద్ధఖండనార్థమే రచించుట చూడఁగా, వివాద మెన్ని శతాబ్దములు సాగెనో తెలియఁగలదు. బౌద్ధులలోనే పుద్గలవాదులను శాఖవారు, స్కంధములకంటె వేఱనియు నభిన్నమనియుఁ జెప్పరాని పుద్గలుఁ డొకఁడు గలఁడని యంగీకరించిరి. అనఁగా నీ కష్టము స్వపక్షమువారికిని దెలిసినదే.

ఈ చిక్కును మూలముననే త్రెంపఁజూచినవాఁ డాచార్య నాగార్జునుఁడు. ఆయన నాగార్జునకొండలో వసించెనని లోకప్రతీతి గలదుగాని, ఇక్ష్వాకుల శాసనములలో నాయన పేరు కానరాదు. కొండకు నాపేరు తరువాతికాలమున వచ్చినదని చరిత్రకారుల మతము. ఆయనకు సాతవాహనరాజుతో మైత్రి గలదని సంప్రదాయము చెప్పును. జగ్గయ్యపేటయందలి యొక శాసనము మాత్రము, నాగార్జునాచార్యుని ప్రశిష్యుఁడైన చంద్రప్రభుఁడు బుద్ధప్రతిమను నిలిపెనని తెలుపుచున్నది. స్థలమెట్లున్నను, ఆయన మూలమధ్యమకకారిక మన చేత నున్నది. అందలి యిరువదియేడు ప్రకరణములలో మూఁడవది యింద్రియపరీక్ష, తొమ్మిదవది పూర్వపరీక్ష, పదునెనిమిదవది యాత్మపరీక్ష.

మూఁడవ ప్రకరణమునఁ జూపునే ప్రశ్నించెను. కన్ను తన్నుఁదాను జూచుకొనఁజాలదు. “చూచుట” దాని స్వభావమే యైనచో నేల చూచుకొనఁజాలదు? రూపముతోఁ గలసినప్పుడే చూపు గలుగుచున్నదనినచో, చూచు స్వభావము కంటికిఁ బ్రత్యేకముగా లేదని యొప్పుకొనినట్లే. చూపు లేక “చూచువాఁడు” లేఁడు. చూచుట జరుగుచుండఁగా నచట వేఱుగ నొక చూచువాఁడు కావలసిన పనియు లేదు. తొమ్మిదవ ప్రకరణమున నైయాయికుని మధ్యవర్తికి సదృశుఁడైన వానినిఁ బరీక్షించెను. చూచుటకు వినుటకుఁ బూర్వమే యొకఁ డుండెననినచో, చూపు వినికిడి లేని వానిని దేనిచే గుర్తింతురు? చూపు లేక వాఁ డుండఁగలిగినచో, వాఁడు లేక చూపేల యుండరాదు? పోనీ, చూచువాఁడు వేఱు, వినువాఁడు వేఱు అనినచో నొక్క దేహమున ననేకాత్మలు దేలును. పూర్వమనరాదు, సమకాలమనరాదు, పశ్చాత్తనరాదు. కావున “చూచువాఁడు” అనునది చూపు నాశ్రయించిన వ్యవహారము. చూపు “చూచువాని” నాశ్రయించిన వ్యవహారము. తండ్రియను పేరు కొడుకు పుట్టినపిమ్మటనే వచ్చినట్లు, ఈ రెండును బరస్పరాపేక్షములు.

అద్వైతులు నీ పరీక్షనే వేఱొక దారిని నడపిరి. రూపము దృశ్యము, కన్ను దృక్కు. కన్ను దృశ్యము, మనస్సు దృక్కు. మనస్సు దృశ్యము, సాక్షి దృక్కు. సాక్షి యెన్నఁడును దృశ్యము కాఁడు అని దృగ్దృశ్యవివేకపద్ధతి. చూడఁబడినదెల్ల “నేను” కాదనుట యుభయులకు సమానము. చివర మిగులునది స్వప్రకాశమైన సాక్షియని యద్వైతి చెప్పఁగా, చివర మిగులునది గూడఁ బేరు మాత్రమేయని మాధ్యమికుఁడు చెప్పును. తెలుఁగునాట నీ వివేకము పండితులకే పరిమితము కాలేదు. ఓరుగల్లుసీమకుఁ జెందిన పరశురామపంతుల లింగమూర్తి సీతారామాంజనేయ సంవాదమును దెలుఁగున రచించి, తారక సాంఖ్య అమనస్కములను సామాన్యులకు నందించెను. తెలంగాణపుఁ బల్లెలలో వ్యాపించిన యచలసంప్రదాయమువారు మఱియొక యడుగు ముందుకు వేసి, “ఎఱుక” సయితము పుట్టి యణఁగునదే కావున సత్యము కాదనియు, “బయలు” మాత్రమే యచలమనియు బోధించిరి. బౌద్ధవిహారములు శిథిలమైన పెక్కు శతాబ్దములకు, వానితో సంబంధమున్నట్లు చెప్పుట కాధారము లేకయే, ఆ నేలమీఁదనే మరలఁ దెలుఁగు మాటలలో నా ప్రశ్నము లేచుట గమనింపఁదగినది.

ఇఁక నందఱికంటె సామాన్యుఁ డడుగు ప్రశ్నము మిగిలినది. “నేను” లేనిచో దానమెవరిది, పాపమెవరిది, దుఃఖమెవరిది? ఈ ప్రశ్నము నాగార్జునకొండ ఱాతిస్తంభములమీఁదనే చెక్కఁబడి యున్నదనవచ్చును. వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున నాతని మేనత్తయైన చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభమును నిలిపి, ఉభయకులములవారికి నిహపరముల హితసుఖము కొఱకును, తనకు నిర్వాణసంపద కొఱకును, సర్వలోకహితము కొఱకును నని వ్రాయించెను. ఆత్మ లేదని బోధించు భిక్షువుల యెదుటనే “తనకు” నిర్వాణము గోరి యామె స్తంభము నిలిపినది. వారు దానిని స్వీకరించిరి. ఇది యజ్ఞానమా, కపటమా?

రెండును గాదు. నాగార్జునుఁడు రెండు సత్యములను జెప్పెను: లోకవ్యవహారసత్యము, పరమార్థసత్యము. వ్యవహారము నాశ్రయింపక పరమార్థముపదేశింపఁబడదు. తన పేరు పెట్టి పిలిచినప్పుడు బుద్ధుఁడును బలికెను. “నేను” అను మాట వీథికి, బజారునకు, న్యాయస్థానమునకుఁ గావలసిన పేరు. అప్పు తీసికొనినవాఁడు వేఱు, తీర్చవలసినవాఁడు వేఱు అని ప్రవాహవాది చెప్పఁజాలఁడు. తోడు తెగని కుండవలె నా యప్పును నీ తీర్పును నొక్క సంతానములోనివే. అందుచేతనే ఆత్మపరీక్షాప్రకరణమున నాయన, బుద్ధులాత్మ కలదనియుఁ జెప్పిరి, లేదనియుఁ జెప్పిరి, రెండును గాదనియుఁ జెప్పిరి యను భావమును నిలిపెను. ఆత్మ లేదని పట్టుకొని పాపమునకు వెఱవనివానికిఁ గలదనుట మందు. ఆత్మ కలదని పట్టుకొని లోభించువానికి లేదనుట మందు. రెండు మందులును రోగము కుదిరినపిమ్మట విడువఁదగినవే. అంతియ కాదు: స్థిరమైన యాత్మయే యుండినచో దానికి మార్పు లేదు, మార్పు లేనిదానికి శీలమువలన మేలు గలుగుట యసంభవము. కావున నీతికి హాని యనాత్మవాదమువలన గాదు, దానిని దురర్థము చేసికొనుటవలన.

పాశ్చాత్యులలో డేవిడ్ హ్యూము 1739లోఁ బ్రకటించిన గ్రంథమున, తనలోనికిఁ జూచినప్పుడు వేఁడి, చలి, ప్రేమ, ద్వేషము వంటి యనుభవములే చిక్కునుగాని “తాను” చిక్కలేదను నర్థమును వెల్లడించెను. ఇటీవలి ప్రయోగశాస్త్రమును గొంత వెలుఁగు నిచ్చినది. 1998లో బాట్వినిక్, కోహెన్ అను నిద్దఱు, మనుజుని చేతిని తెరచాటున నుంచి, ఎదుట రబ్బరుచేతిని బెట్టి, రెంటిని నొకే సమయమున కుంచెతోఁ దాఁకిరి. కొంతసేపటికిఁ బలువురకు స్పర్శ రబ్బరుచేతియందే కలిగినట్లును, ఆ చేయి తమదే యైనట్లును దోఁచెను. దీనివలన నాత్మ లేదని సిద్ధింపదు. “నా చేయి” యను భావము జన్మసిద్ధమైన సాక్షాత్కారము కాదనియు, చూపు తాఁకిడియు గలియుటచేఁ గల్పింపఁబడునదనియు మాత్రము సిద్ధించును. చూచినదానినే తాఁకుచున్నానను నైయాయికుని హేతువే యిచటఁ దప్పుచేయిని బట్టుకొనుట విచారణీయము.

పరీక్ష పుస్తకములకే పరిమితము కాలేదు. స్థవిరులలో నిలిచిన వేదనానుపశ్యన, అనఁగా దేహమునఁ బుట్టు సుఖదుఃఖస్పర్శలను బుట్టినవి పుట్టినట్లుగా, అణఁగినవి యణఁగినట్లుగాఁ జూచుట, బర్మాదేశమున సాగివచ్చి, ఊ బా ఖిన్ శిష్యుఁడైన ఎస్. ఎన్. గోయెంకా (1924–2013) ద్వారా భారతమునకు మరలివచ్చినది. నాగార్జునసాగరమున హిల్‌కాలనీయందు “ధమ్మ నాగజ్జున” మను విపశ్యనాకేంద్రము గలదు. తామ్రపర్ణీ స్థవిరులకై బోధిసిరి కట్టించిన చైత్యగృహపు స్థలము మునిఁగిన నీటి యొడ్డుననే, పదిదినముల మౌనమున జనులు మోకాలినొప్పిని జూచుచుఁ గూరుచుందురు. వారు చూచునది ప్రాచీనమైన యా విషయమే: నొప్పి వేఱు, “నాకు” అనుట వేఱు.

ఈ భేదమును గ్రహించుటయే పరీక్షకు ఫలము. ఆత్మ యుండుట లేకుండుటలనుగూర్చి నైయాయికుఁడు, అద్వైతి, మాధ్యమికుఁడు తమతమ సిద్ధాంతములను విడువకుందురు గాక. నింద చెవినిఁ బడినప్పుడు మొదట శబ్దము, పిమ్మట నర్థము, పిమ్మట “నన్ననెను” అను తలంపు, పిమ్మటఁ గోపము పుట్టునను క్రమమును ముగ్గురు నంగీకరింతురు. మూఁడవదానికిని నాలుగవదానికిని నడుమ నొక రెప్పపాటు కాలము గలదు. దానిని గనిపెట్టినవాఁడు కోపమునకు లోఁబడుటయో లోఁబడకుండుటయో నిర్ణయింపఁగలఁడు. కనిపెట్టనివానికి నిర్ణయమే లేదు. విహారములు నీటఁ గలసినను, శాఖలు నామావశేషములైనను, ఈ పరీక్షకుఁ గావలసిన పరికరములైన కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము ప్రతివారియొద్దను నున్నవి.